మంచి సంచి శాంపిల్

శాంపిల్ అంటే ఏమిటో సత్యమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలలోనే ఆమె వయసంతా కరిగిపోయింది. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గను గోటితో ఒలిచి లోపలి పుప్పొడి తీసేయాలి, తెల్లవారి మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. అక్కడ దీన్ని క్రాసింగ్ అంటారు. ఆ పని చేసీ చేసీ ఆమె బొటనవేలి గోరు పత్తికాయ డొప్పలా వంగిపోయింది. ఇంత చాకిరీ చేసి పండించిన పంటను చివరికి ఏం చేస్తారంటే, సంచిలోంచి గుప్పెడు విత్తనాలు తీసి పరీక్షకు పంపుతారు. ఆ గుప్పెడు పాసైతే రైతు ఊపిరి పీల్చుకుంటాడు. ఫెయిలైతే ఆ ఇంట్లో చావు జరిగినట్టే ఉంటుంది. అందుకని శాంపిల్ ఎక్కడి నుంచి తీయాలో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మంచి సంచిలోంచి తీయాలి.

ఒక ఏడు ఆమె పని చేసే రైతు వెంకటన్న పొలంలో కింది మడి నీళ్ళు పట్టి పాడైంది. విత్తనం ఫెయిలైపోతుందని ఆయన బెంగపెట్టుకుని అన్నం మానేశాడు. ఆఖరికి బామ్మర్ది ఇంటికి పోయి వాళ్ళ సంచిలోంచి గుప్పెడు తెచ్చి తన పేరు మీద పంపాడు. సంచులు కుట్టడానికి వచ్చిన సత్యమ్మ అది కళ్ళారా చూసింది.

"అన్నా, గది మీది కాదు గద?" అంది.

"ఇత్తనమొక్కటే, కంపెనీ ఒక్కటే. ఎవని సంచిలదైతేంది సత్తెమ్మా? పాస్ గావాలె, అంతే" అన్నాడు వెంకటన్న.

పాసైంది. ఎవరి కొంపా మునగలేదు. సత్యమ్మ ఆ మాటను గుర్తు పెట్టుకోవాలని పెట్టుకోలేదు గానీ, అది ఆమె లోపల ఎక్కడో ఒక మూల కూర్చుండిపోయింది.

ఆమె పుట్టింది అమరచింతలో. కృష్ణ దాటి ఇవతలకు, మల్దకల్ దారిలో ఉన్న పల్లెకు, సామ్యూల్ భార్యగా వచ్చింది. సామ్యూల్ పూణేలో బిల్డింగు పనులకు పోయేవాడు. ఒకసారి అలా పోయినవాడు సెంట్రింగు మీద నుంచి పడి శవమై తిరిగొచ్చాడు. మిగిలింది ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సతీష్, చిన్నవాడు యేసుబాబు.

సతీష్‌కు మూర్ఛ ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు వాడు ఇంకా బడికి పోని పసివాడు. చేను గట్టు మీద ఆడుకుంటూ ఉన్నవాడు ఉన్నట్టుండి కొయ్యలా బిగుసుకుపోయి, నోట నురగ కక్కుతూ కొట్టుకోసాగాడు. పాము కరిచిందనుకుని సత్యమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆ చేతుల నిండా పసుపుపచ్చటి పుప్పొడి. అదంతా వాడి మొహానికి అంటుకుంది. ఆ రోజు మొదలు ఆమెకు భయం కాపురానికి వచ్చింది. పొద్దున లేస్తే ముందు భయపడేది, తర్వాతే కళ్ళు తెరిచేది. వాణ్ణి బావి దగ్గరికి పోనిచ్చేది కాదు, పొయ్యి దగ్గర కూర్చోనిచ్చేది కాదు, బండి తోలనిచ్చేది కాదు. చర్చిలో పాస్టరమ్మ ప్రార్థన చేసింది, దర్గాలో తాయెత్తు కట్టారు, గద్వాల దవాఖానలో గోళీలు ఇచ్చారు. గోళీలు వేసుకున్నంతసేపూ నిద్ర. అయినా పడేవాడు.

యేసుబాబుకు జలుబు చేయడం కూడా ఎవరూ ఎరగరు. ఏపుగా పెరిగాడు, గద్వాలలో డిగ్రీ చదువుతున్నాడు. "ఇద్దరు ఒక్క కడుపున పుట్టిండ్రంటే ఎవడన్న నమ్ముతడా?" అని వాడకట్టులో నవ్వేవాళ్ళు. అట్లా అన్నప్పుడు సత్యమ్మకు ఒళ్ళు మండేది. కానీ నిజం చెప్పొద్దూ, ఇంటికి ఎవరైనా పెద్దమనిషి వస్తే ఆమె ముందుకు తోసేది చిన్నవాణ్ణే. పెద్దవాణ్ణి వెనక గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసేది. పదిమంది ముందు పడతాడేమోనని భయం, అంతే. ప్రేమ లేకనా? ప్రాణమంతా వాడి మీదే. అయినా తలుపు మాత్రం వేసేది.

ఈ వానకాలం క్రాసింగ్ మొదలైనప్పుడు సతీష్ పత్తి సాళ్ళ మధ్య పడి గడ్డం పగలగొట్టుకున్నాడు. కుట్లు వేయించుకుని వస్తుంటే వెంకటన్న దారిలో ఆపి, తన బామ్మర్ది కొడుక్కూ ఇదే జబ్బు ఉండేదని, కర్నూలు నుంచి వారానికోసారి గద్వాలకు వచ్చే డాక్టరమ్మ ఒక గోళీ ఇస్తే తగ్గిపోయిందని, వాడిప్పుడు ట్రాక్టర్ తోలుతున్నాడని చెప్పాడు. ట్రాక్టర్! సత్యమ్మ ఆ ఒక్క మాట పట్టుకుంది. సతీష్ ట్రాక్టర్ మీద కూర్చున్నట్టు ఊహించుకుంటే ఆమెకు భయమూ వేసింది, సంతోషంతో ఏడుపూ వచ్చింది.

డాక్టరమ్మ పేరు శిల్ప. బయట జనం తోసుకుంటున్నారు. ఆమె పాత చీటీలన్నీ తిరగేసి, గబగబా చెప్పింది.

"మీరడిగిన మాత్ర ఇవ్వొచ్చమ్మా. కానీ అది అందరికీ పడదు. ముందు జన్యు పరీక్ష చేయిద్దాం. రిపోర్టు బాగుంటే మొదలుపెడదాం, బాగుండకపోతే వేరే చూద్దాం. ల్యాబ్ అబ్బాయి మీ ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకుంటాడు."

పడదంటే ఏమవుతుందో సత్యమ్మ అడగలేదు. పడకపోవడం ఆమెకు కొత్త కాదు. వంకాయ పడదు, చల్ల నీళ్ళు పడవు, అత్తకు కోడలు పడదు. దురద పెడుతుంది, గొంతు పడుతుంది, మహా అయితే నాలుగు రోజులు ఒళ్ళు బాగుండదు. ఆమె చెవిలో మిగిలినవి రెండే మాటలు. ఒకటి శాంపిల్. ఇంకొకటి, బాగుండకపోతే ఆ గోళీ ఇవ్వరు.

ల్యాబ్ అబ్బాయి ప్రదీప్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. మాటలపుట్ట. ఇంట్లో అడుగు పెట్టకముందే మొదలుపెట్టాడు.

"ఇప్పుడు గద్వాలల అందరు గిదే చేయిస్తుండ్రు పెద్దమ్మా. బీపోళ్ళు, గుండె జబ్బోళ్ళు, అందరు. ఇన్నొద్దులు ఊరందరికి ఒక్కటే సైజు అంగి తొడిగినట్టు మందులిస్తుండిరి. ఇగ ఎవని కొలత వానిదే. దూదిపుల్లతోని దవడ లోపల గిట్ల రుద్ది హైదరాబాదు పంపుతం. ఏ మందు పడ్తదో, ఏది పడదో రాసిస్తరు."

"ఫెయిలైతే ఏంది బిడ్డా?" అని అడిగింది సత్యమ్మ.

"ఫెయిలైతే ఆ గోళీ ఇయ్యరు, అంతే."

అంతే! ఆ పొద్దునే సతీష్‌కు మూర్ఛ వచ్చి వెనక గదిలో ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉన్నాడు. మూతి పక్కన నురగ ఎండి ఉంది, గడ్డం కుట్ల దగ్గర చీము. చిన్నప్పటి నుంచి జబ్బుతో, గోళీలతో నానిపోయిన ఒళ్ళు. అలాంటి ఒంటిలోంచి తీసిన శాంపిల్ పాసవుతుందా? నీళ్ళు పట్టిన కింది మడి ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఇటు చూస్తే గడప మీద యేసుబాబు, తలస్నానం చేసి, తల తుడుచుకుంటూ, నిగనిగలాడుతూ.

"ఈనేనా సతీష్?" అన్నాడు ప్రదీప్ యేసుబాబును చూసి.

"ఆ, ఈనే" అంది సత్యమ్మ.

ప్రదీప్ సంచి తెరుస్తుంటే యేసుబాబు ఆమెను పక్కకు లాగాడు. "గదేందే అమ్మా? అన్న పేరు మీద నాదెందుకు?"

"ఒక్క కడుపు, ఒక్క పాలు, ఒక్కటే రక్తం. ఎవనిదైతేంది? పాస్ గావాలె. నోరు మూసుకొని నోరు తెరువు!" అని పళ్ళ బిగువున గదిమింది.

యేసుబాబు తెరిచాడు. పుల్ల దవడ లోపల నాలుగు తిప్పులు తిప్పి, గొట్టంలో వేసి, సతీష్ అని చీటీ అంటించుకుని ప్రదీప్ వెళ్ళిపోయాడు. సాయంత్రం సతీష్ లేచి, శాంపిల్ వాళ్ళు రాలేదా అని అడిగితే, "నువ్వు నిద్రల ఉన్నప్పుడే తీసుకపోయిండు, నీకు సోయి లేకుండె" అని చెప్పింది. వాడు నమ్మాడు. తల్లి మాట ఎందుకు నమ్మడు?

రిపోర్టు బాగుందని వచ్చింది. డాక్టరమ్మ నవ్వుతూ గోళీలు రాసింది. చెప్తే నమ్మరు, వాటితో ఆ ఇల్లు మారిపోయింది. సతీష్ పగటి నిద్ర మానేశాడు. పడటం మానేశాడు. పొద్దున్నే లేచి చెంబెడు చాయ్ తాగి చేనుకు పోయేవాడు. వెంకటన్న మందు కొట్టే పంపు వాడి వీపుకు తగిలించాడు. ఒకనాడైతే చేను మధ్యలో నిలబడి విజిల్ వేశాడు. సత్యమ్మ చేతిలోని మగపువ్వు జారిపోయింది. తన కొడుక్కు విజిల్ వేయడం వచ్చని ఆమెకు అంతవరకూ తెలియదు.

గోళీలు అయిపోవస్తే కొనడానికి ఆమె గద్వాల పోయింది. పాత బస్టాండు దగ్గర అజీజ్ భాయ్ మందుల దుకాణం. మాత్ర పేరు చూడగానే ఆయన కళ్ళజోడు పైకెత్తాడు.

"సత్యమ్మా, ఇది ఇచ్చేటందుకు ముందు టెస్ట్ చేసిన్రా?"

"చేసిన్రు భాయ్. పాసైంది."

"అచ్ఛా, ఇగ ఫికర్ లేదు. టెస్ట్ లేకుంటే నేను ఇయ్య. ఇది పడనోళ్ళకు ఇస్తే జాన్‌కే ఖత్రా. ముందుగాల జరం, కండ్లు ఎర్రబడ్తయి, నోట్లె పుండ్లు. ఇగ ఆ మీద ఒంటి మీది తోలు ఉడకబెట్టిన ఆలుగడ్డ లెక్క ఊడొస్తది. ఒక పిల్లను చూసిన నేను, యా అల్లా, మల్ల చూడొద్దు. అందరికి గాదు, ఎక్కడ్నో ఒక్కరికి. గందుకే గా టెస్టు పెట్టిన్రు. మీవోనిది సాఫ్ వచ్చింది గద, పరేషాన్ గాకు."

సత్యమ్మ చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"భాయ్... అన్నది పాసైతే తమ్మునిది గుడ పాసే గద? ఒక్కటే రక్తం గద?" అంది, అసలు సంగతి బయటపడకుండా అటుదిటు చేసి.

"అట్లెట్లయితది? ఎవనిది వానిదే" అని నవ్వి, చిల్లర ఇచ్చి, వెనక ఉన్నవాళ్ళను పిలిచాడు అజీజ్.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గానీ ఊరు ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆమెకు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. ఒక ఏడు చేనులోంచి ఒకే ఒక్క కాయ తెచ్చి, అందులోని గింజలన్నీ ఇంటి వెనక నాటింది. ఒకటి నడుమెత్తు పెరిగి విరగపూసింది. ఒకటి మోకాలు దాటలేదు. ఒకదానికి తెగులు తగిలి ఆకులన్నీ ముడుచుకుపోయాయి, పక్కదానికి ఏమీ కాలేదు. ఒకే కాయ. ఒకే మట్టి. ఇన్నేళ్ళు పత్తిలో బతికిన నాకు ఆ బుద్ధి ఏమైంది, నా తలకాయ ఎక్కడ పెట్టుకున్నాను అని ఆమె తనను తాను తిట్టుకుంది.

ఇంటికి పోయేసరికి సతీష్ పంపు కడుగుతున్నాడు. "అమ్మా, గోళీలు దొరికినయా?" అని అడిగాడు. వాడి మొహంలో అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు.

చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. కానీ చెప్తే ఏమవుతుంది? గోళీ ఆపేస్తారు. వాడు మళ్ళీ చేలో పడతాడు, ఈసారి గడ్డంతో పోతుందో లేదో. డాక్టరమ్మ మోసం చేశారని గెంటేస్తుంది. ఇవన్నీ భయాలే. కానీ వీటన్నిటి కింద ఇంకో భయం ఉంది, దాన్ని ఆమె తన మనసుకు కూడా గట్టిగా చెప్పుకోలేకపోయింది. నాది ఎందుకు ఇవ్వలేదని వాడు అడుగుతాడు. ఏమని చెప్తుంది? నువ్వు పాడైన సంచివి అనుకున్నాను కొడకా అని చెప్తుందా?

"దొరికినయి" అని లోపలికి పోయింది.

యేసుబాబుకు మాత్రం చెప్పింది. వాడి మొహం పాలిపోయింది. "చెప్దాం అమ్మా. ఇప్పుడే ఫోన్ చేద్దాం" అన్నాడు.

"జరంత ఆగురా. ఏం గాలేదు గద. వానికి పడ్డట్టే ఉన్నది. రేపు చెప్దాం."

ఆ రేపు రాలేదు. రోజూ పొద్దున వాడు గోళీ మింగుతుంటే ఆమె గుటక మింగేది. ఏదో ఒక వంకతో వాడి ఒళ్ళు చూసేది. వీపుకు నూనె రాస్తానంటుంది, అంగీ చిరిగింది విప్పు అంటుంది, అరచేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూస్తుంది. "ఏందే, సంతల ఎద్దును చూసినట్టు చూస్తవు?" అని సతీష్ నవ్వేవాడు. ఒకరోజు మెడ మీద ఎర్రగా దద్దురు కనిపిస్తే వాణ్ణి వెలుగులోకి లాక్కొచ్చి చూసింది. అది పత్తి ఆకు గీసుకున్నది. సాయంత్రానికి పోయింది. ఆమె ఆ సాయంత్రం యేసు పటం ముందు మోకరిల్లి, పడింది ప్రభువా, వానికి పడింది, నన్ను కాపాడినవ్ అని ఏడ్చింది.

తర్వాత జ్వరం వచ్చింది.

ఊళ్ళో అందరికీ జ్వరాలే. వాన జ్వరం అన్నారు. సతీష్ కూడా అదే అన్నాడు, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తెల్లవారి జావ ఇస్తే రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేశాడు.

"మంటయితుందే అమ్మా, నోట్లె."

"నోరు తెరువు" అంది. ఎలా అందో ఆమెకే తెలియదు.

నాలుక మీద, పెదవుల లోపల తెల్లటి పుండ్లు. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. అంగీ గుండీలు తీసి చూస్తే రొమ్ము మీద ముదురు ఎరుపు మచ్చలు. అజీజ్ చెప్పిన వరుసలోనే వస్తున్నాయి. "ఆటో తీసుకరా! ఉరుకు!" అని యేసుబాబు మీద అరిచిన అరుపుకు వీధిలో వాళ్ళంతా బయటికి వచ్చారు.

గద్వాల దవాఖానలో ఆ రోజు డాక్టరమ్మ లేదు. కుర్ర డ్యూటీ డాక్టరు చూసి, అనుమానంగా మొహం పెట్టి, ఆమెకు ఫోన్ చేశాడు. మంచం పక్కనే నిలబడి, ఫోన్ పైకి వినిపించేలా పెట్టాడు.

"జ్వరం, నోట్లో పుండ్లు, ఒంటి మీద దద్దుర్లు మేడమ్. మీరిచ్చిన మాత్ర వల్లనేమో అని..."

"ఆ అబ్బాయికి జన్యు పరీక్ష చేయించాం కదా. రిపోర్టు క్లియర్‌గా ఉంది. ఆ మాత్ర వల్ల అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ వారం చూసిన జ్వరాలన్నిటికీ దద్దుర్లు ఉన్నాయి" అంది శిల్ప గొంతు. "మాత్ర మాత్రం ఆపకండి, ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ ఎక్కువవుతాయి. రేపు నేను వచ్చి చూస్తాను."

ఆమె తప్పేమీ లేదు. కాగితం చెప్పింది ఆమె నమ్మింది. ఆ కాగితం మీద సతీష్ అనే ఉంది.

నర్సు గ్లాసులో నీళ్ళు, అరచేతిలో గోళీ పట్టుకుని వచ్చింది. సతీష్ మోచేతి మీద లేచి, పగిలిన పెదవులు నొప్పితో విడదీసి నోరు తెరిచాడు. సత్యమ్మ యేసుబాబు వైపు చూసింది. వాడు తల దించుకుని ఏడుస్తున్నాడు. ఎవరైనా చెప్తే బాగుండు, నా నోటితో కాకుండా ఎవరైనా చెప్తే బాగుండు అని ఆమె ప్రాణం కొట్టుకుంది. గోళీ కొడుకు నాలుక దాకా పోయింది.

ఆమె ఒక్క చరుపు చరిచింది. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది, గోళీ మంచం కింద పడింది.

"ఇయ్యకుండ్రి! ఆ రిపోర్టు వానిది గాదు!"

ఫోన్‌లో డాక్టరమ్మ, "ఏమంటోంది ఆమె?" అంటోంది.

"ఎవరిదమ్మా మరి?" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"వీనిది. వాని తమ్మునిది. నేనే ఇప్పిచ్చిన. వానిది ఇస్తే ఫెయిలైతదని, గోళీ ఇయ్యరని... మంచి శాంపిల్ ఇయ్యాలని... నా కొడుకును నేనే సంపుకుంటున్న సార్, నాకు తెల్వక చేసిన, మీ కాళ్ళు మొక్కుత, ఏమన్న చెయ్యిండ్రి!"

ఫోన్‌లో శిల్ప గొంతు మారిపోయింది. మాత్ర వెంటనే ఆపమంది, సెలైన్ పెట్టమంది, అంబులెన్స్ పిలిచి కర్నూలు పెద్ద దవాఖానకు ఈ క్షణమే పంపమంది. మనుషులు అటూ ఇటూ పరుగెత్తారు. ఆ పరుగుల మధ్య సత్యమ్మ కొడుకు మొహం వైపు చూసింది. వాడు అప్పటికే ఆమెను చూస్తున్నాడు. కోపంగా చూసినా ఆమె తట్టుకునేది. చిన్నప్పుడు వెనక గది తలుపు దగ్గరగా వేస్తున్నప్పుడు వాడు ఎలా చూసేవాడో అలా చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

కర్నూలులో చాలా రోజులు ఉన్నారు. రొమ్ము మీది మచ్చలు బొబ్బలయ్యాయి, బొబ్బలు చితికాయి, వీపున తోలు దుప్పటికి అంటుకుని వచ్చింది. సత్యమ్మ చూడకుండా ఉండలేదు, చూసి తట్టుకోలేదు. కళ్ళు అతుక్కుపోకుండా నర్సు పూటపూటా చుక్కలు వేసేది. ఇంకొన్ని గోళీలు లోపలికి పోయి ఉంటే మనిషి దక్కేవాడు కాదని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ మాట విని యేసుబాబు, "నువ్వు చెప్పబట్టే బతికిండే అమ్మా" అన్నాడు ఓదార్పుగా. ఆమెకు ఓదార్పు అనిపించలేదు. ఇంతవరకు తెచ్చింది ఎవరు?

సతీష్ మాట్లాడలేదు. నోరంతా పుండ్లు, మాట్లాడొద్దని డాక్టర్లే చెప్పారు. అయినా ఆమెకు ఆ మౌనం పుండ్లదో తనదో అర్థమయ్యేది కాదు. తడి గుడ్డతో పెదవులు అద్దితే అద్దనిచ్చేవాడు. అమ్మా అని మాత్రం పిలవలేదు. యేసుబాబును దగ్గరికి రమ్మని సైగ చేసి వాడి చెయ్యి పట్టుకునేవాడు. తల్లి చెయ్యి పట్టుకునేవాడు కాదు. పుండ్లు మానడం మొదలై, డాక్టర్లు మాట్లాడొచ్చు అన్నాక కూడా నర్సుతో మాట్లాడాడు, పక్క మంచం ముసలాయనతో మాట్లాడాడు. తల్లితో లేదు. వాడు బతకడని భయపడ్డ రోజుల కంటే ఈ రోజులు ఆమెకు ఇంకా భయంగా ఉన్నాయి. బతికి, జన్మంతా ఇలాగే ఉంటే?

ఒక పొద్దున ల్యాబ్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మూర్ఛకు కొత్త మందు మొదలుపెట్టాలి, ఏది పడుతుందో ఏది పడదో ముందే చూడాలని డాక్టరు రాశాడు. చేతిలో అదే గొట్టం, అదే దూదిపుల్ల.

"పేరు?"

"సతీష్" అంది సత్యమ్మ.

"పేషెంటు ఈయనేనా?"

"ఈనే. నా పెద్ద కొడుకు" అంది.

సతీష్ లేచి కూర్చున్నాడు. కొత్త తోలు పట్టిన మెడ ఇంకా ఎర్రగానే ఉంది. పుల్ల వైపు చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముడి వైపు చూశాడు, చివరికి తల్లి వైపు చూశాడు. అన్ని రోజుల తర్వాత ఆమెతో మొదటి మాట అన్నాడు. గొంతు బొంగురు పోయి ఉంది.

"ఈసారి నాదేనా అమ్మా?"

ఆమె మంచం పట్టె పట్టుకుంది.

"నీదే కొడకా. ఫెయిలైనా సరే, నీదే."

సతీష్ ల్యాబ్ అమ్మాయి వైపు తిరిగాడు. తర్వాత నోరు తెరిచాడు. పుండు మానని చోట పుల్ల తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె భయం భయంగా చెయ్యి చాపి వాడి గడ్డం కింద పెట్టింది. వాడు తల వెనక్కి తీసుకోలేదు.